ట్యాకిల్ ప్రాక్టీసు రోజే బ్యాండ్ క్యాలరీలు ఎందుకు తగ్గించి చూపిస్తోంది?

ఈల మాస్టారు

నేను ఒక రగ్బీ జట్టుకు శిక్షణ ఇస్తుంటాను. ఆరుగురు ఆటగాళ్లకి చేతి బ్యాండ్లు పెట్టి నెల రోజులుగా లెక్కలు రాస్తున్నాను. ఎవరికి ఎంత ఖర్చవుతోందో తెలిస్తే ఎంత తినాలో చెప్పొచ్చు కదా అని.

ఇప్పుడు ఆ లెక్కలే అర్థం కావడం లేదు. మంగళవారం తేలికపాటి పరుగు, 50 నిమిషాలు. మా ప్రాప్‌కి (ముందు వరసలో నిలబడి నెట్టే బరువైన ఆటగాడు) 690 క్యాలరీలు చూపించింది. గురువారం పూర్తి కాంటాక్ట్ సెషన్: ట్యాకిల్ (ప్రత్యర్థిని పట్టి పడేయడం) బ్యాగులు, రక్‌లు (నేల మీదున్న బంతి కోసం తోపులాట), చివర్లో స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు వంగి ఒకరినొకరు నెట్టుకోవడం) మెషీన్. అదీ 50 నిమిషాలే. దానికి 470 చూపించింది. పరుగు అయ్యాక నవ్వుతూ ఇంటికెళ్లిన మనిషి, గురువారం బూట్ల లేసులు విప్పే ఓపిక లేక అలాగే కూర్చుండిపోయాడు. నాలుగు వారాలూ ఇదే వరస. బ్యాండ్ పాడైందేమోనని మార్చి చూశాను. కొత్తదీ అదే పాట.

జెర్సీ నం 14

బ్యాండ్ పెట్టుకుని ట్యాకిల్ చేయనిచ్చారా మాస్టారూ? అవతలివాడి మొహానికి గీసుకుంటే?

ఈల మాస్టారు

ప్రాక్టీసులోనే. పైన మెత్తటి స్వెట్‌బ్యాండ్ తొడిగించాను. మ్యాచ్‌లో అయితే రిఫరీ ఎలాగూ ఒప్పుకోడు.

సెన్సార్ సుత్తి

ముందు ఒక సంగతి. ఏ బ్యాండూ క్యాలరీలను కొలవదు. అది చూసేవి రెండే: చర్మం మీద వేసిన ఆకుపచ్చ వెలుగు ఎంత తిరిగొచ్చింది, చెయ్యి ఎంత కదిలింది. మిగతాదంతా మీరు నింపిన వయసు, ఎత్తు, బరువుతో కంపెనీ వేసుకున్న సూత్రం. ఆ సూత్రం ఏంటో బయటికి చెప్పరు.

రక్తం ఆకుపచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కొంచెం పెరిగి తగ్గుతుంది, వెనక్కి వచ్చే వెలుగు కూడా దాంతోపాటు ఊగుతుంది. ఆ ఊగుడు చాలా చిన్నది. నడకలోనే అది చెదురుతుంది. ట్యాకిల్‌లో అయితే భుజం తగిలిన దెబ్బకి సెన్సార్ చర్మం మీద జారుతుంది, నాడి ఊగుడు దాని కింద మునిగిపోతుంది. దానికి తోడు జెర్సీ గట్టిగా పట్టుకున్నప్పుడు, స్క్రమ్‌లో పక్కవాణ్ణి బిగించి పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలు బిగుసుకుపోయి ఆ చోట రక్త ప్రవాహమే తగ్గుతుంది. అంటే సరిగ్గా ఎక్కువ శ్రమ పడే క్షణంలో బ్యాండ్‌కి నాడి దొరకదు. దొరకనప్పుడు చాలా పరికరాలు పాత అంకెనే సాగదీస్తాయి, లేదా ఏదో ఒకటి ఊహించి నింపేస్తాయి.

ఒక పని చేయండి. గురువారం పల్స్ గ్రాఫ్ తెరవండి. స్క్రమ్ మెషీన్ దగ్గరున్న సమయంలో గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉందా?

ఈల మాస్టారు

చూశాను. మీరన్నట్టే ఉంది. 118 దగ్గర దాదాపు నాలుగు నిమిషాలు గీత కదల్లేదు. తర్వాత మంచినీళ్ల విరామంలో ఒక్కసారిగా 171కి ఎగిరింది. ఇంతకాలం నేను చివర వచ్చే మొత్తం తప్ప గ్రాఫ్ చూడనే లేదు.

పాత ఫార్వర్డ్

దీనికి ఇంత చర్చ ఎందుకు, ఛాతీకి పట్టీ కట్టండి. అది గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది, వెలుగు గోల ఉండదు. కాకపోతే మొదటి మాల్‌లోనే (బంతి పట్టుకున్నవాడి చుట్టూ నిలబడి తోసుకోవడం) నడుము దాకా జారుతుంది. మేం పైన బిగుతు వెస్ట్ వేసుకునేవాళ్లం.

ఊపిరి లెక్క

ఛాతీ పట్టీతో పల్స్ సమస్య చాలావరకు తీరుతుంది. క్యాలరీల సమస్య తీరదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం దగ్గరే అందరం బోల్తా పడతాం. (నేను వ్యాయామ శరీరధర్మశాస్త్రం చదివాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.)

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మంది మీద 7 చేతి పరికరాలను పరీక్షించారు. నడక, పరుగు, సైకిల్, కూర్చోవడం, ఇంతే. ఏడింటిలో ఆరు పరికరాలు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. శక్తి ఖర్చు దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. పల్స్ సరిగ్గా ఉండి కూడా! అదీ ల్యాబ్‌లో, ఎవరూ ఎవరినీ గుద్దకుండా.

కారణం ఏంటంటే, శక్తి ఖర్చు తెలియాలంటే ఆక్సిజన్ వాడకం తెలియాలి. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే దాదాపు 5 కిలో క్యాలరీలు (బ్యాండ్ క్యాలరీ అని చూపించేది ఈ కిలో క్యాలరీనే). స్థిరంగా పరుగెడుతున్నప్పుడు గుండె వేగం, ఆక్సిజన్ వాడకం జంటగా పెరుగుతాయి, కాబట్టి ఒకటి చూసి రెండోది చెప్పొచ్చు. కాంటాక్ట్ ఆటలో ఆ జంట విడిపోతుంది. కదలకుండా బిగబట్టి నెడుతున్నప్పుడు రక్తపోటు, గుండె వేగం ఆక్సిజన్ వాడకంతో పొంతన లేకుండా పెరుగుతాయి. చేతులతో చేసే పనికి, అంతే ఆక్సిజన్ వాడే కాళ్ల పనికంటే పల్స్ ఎక్కువ ఉంటుంది. అయిదారు సెకన్ల పేలుడు లాంటి శ్రమలో శక్తి ఎక్కువగా ఆక్సిజన్ అవసరం లేని దారుల్లో వస్తుంది, ఆ బాకీ తర్వాత ఆయాసపడుతూ తీరుతుంది.

ఇక కదలిక సెన్సార్ సంగతి. స్క్రమ్‌లో రెండు జట్లూ సమానంగా నెట్టుకుంటుంటే ఎవరూ ముందుకు కదలరు. భౌతికశాస్త్ర పుస్తకంలో లెక్క ప్రకారం దూరం సున్నా కాబట్టి పని కూడా సున్నా. కండరానికి ఆ పుస్తకం తెలియదు, లోపల మండుతూనే ఉంటుంది. మీ బ్యాండ్ ఆ పుస్తకాన్నే నమ్ముతోంది.

కూత ఆపను

కబడ్డీ వైపు నుంచి ఒక మాట. మా దగ్గర దీనికి పూర్తిగా తలకిందులు. రైడ్ 30 సెకన్లే, మధ్యలో నిలబడటం ఎక్కువ. కానీ ఆ నిలబడినప్పుడు ఉండే టెన్షన్ చూడాలి! ఛాతీ పట్టీ పెట్టి చూస్తే, అవుటై బయట కూర్చున్న రైడర్‌కి కూడా పల్స్ 140. స్కోరు దగ్గరగా ఉంది మరి. కుర్చీలో కూర్చున్నవాడికి యాప్ క్యాలరీలు పోగేస్తూనే ఉంది. అదే సమయంలో లోపల యాంకిల్ హోల్డ్ పట్టి నేలకి అతుక్కుపోయిన డిఫెండర్‌కి కదలిక లేదు. మా అనుభవంలో భయానికి ఎక్కువ, బలానికి తక్కువ లెక్క వస్తోంది.

ఊపిరి లెక్క

మంచి ఉదాహరణ. అడ్రినలిన్, ఎండ, ఒంట్లో నీరు తగ్గడం, ఇవన్నీ పల్స్‌ని పెంచుతాయి, ఖర్చుని ఆ మేరకు పెంచవు. అందుకే పల్స్ ఆధారంగా నడిచే పరికరం కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది, కదలిక ఆధారంగా నడిచేది తక్కువ చెబుతుంది. రెండూ కలిపేది ఎటు తప్పుతుందో ఆ కలిపే పద్ధతిని బట్టి ఉంటుంది.

హెచ్చవేత

సరే, తక్కువ చూపిస్తోందని తేలింది కదా. కాంటాక్ట్ రోజు వచ్చిన అంకెని 1.5తో గుణించేయండి. తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే అది తప్పే కాదు. గడియారం రోజూ పది నిమిషాలు వెనకే ఉంటే మనకి టైము తెలియదా?

సెన్సార్ సుత్తి

రోజూ పది నిమిషాలే వెనక ఉంటే తెలుస్తుంది. ఒకరోజు పది, ఇంకోరోజు నలభై ఉంటే? మాస్టారూ, మిగతా అయిదుగురి అంకెలు కూడా పెట్టగలరా? గురువారం అంకెని మంగళవారం అంకెతో భాగించి.

ఈల మాస్టారు

నాలుగు వారాల సగటు ఇది. ఇద్దరు ప్రాప్‌లు 0.68, 0.71. లాక్ 0.74. ఫ్లాంకర్ 0.85. స్క్రమ్ హాఫ్ 0.94. వింగర్ 0.97.

సెన్సార్ సుత్తి

అదీ సంగతి. రగ్బీలో జెర్సీ నంబర్ స్థానాన్ని బట్టి ఉంటుంది: ముందుండి నెట్టే ప్రాప్, లాక్, ఫ్లాంకర్‌లకి చిన్నవి, వెనకుండి పరుగెత్తేవాళ్లకి పెద్దవి. ఆ నంబర్ పెరుగుతున్నకొద్దీ అంకె పెరుగుతోంది చూశారా. వింగర్ గురువారం కూడా ఎక్కువగా పరుగే పెట్టి ఉంటాడు, అందుకే బ్యాండ్‌కి అతను అర్థమయ్యాడు. హెచ్చవేత గారు చెప్పిన 1.5 పెడితే ప్రాప్‌ల లెక్క ఏమో గానీ వింగర్‌ది కచ్చితంగా చెడిపోతుంది. పైగా వచ్చే గురువారం స్క్రమ్ మెషీన్ తగ్గించి లైనవుట్లు (గీత బయటి నుంచి విసిరిన బంతిని ఎగిరి అందుకోవడం) పెంచితే ప్రాప్ గుణకం కూడా మారిపోతుంది. తప్పు పరికరంలో ఉంటే గుణించొచ్చు. ఇక్కడ తప్పు ఆటతోపాటు మారుతోంది.

హెచ్చవేత

ఒప్పుకున్నాను. స్థానానికో గుణకం పెడదాం అనబోయాను, ఆగిపోయాను.

పిడికిలి పట్టీ

బాక్సింగ్‌లో దీని ఇంకో ముఖం చూడండి. గాలిలో పంచ్‌లు విసిరే షాడో బాక్సింగ్ చేస్తే నా వాచీ పండగ చేసుకుంటుంది, చెయ్యి అంతలా ఊగుతుంది కాబట్టి. క్లించ్‌లో (ఇద్దరూ ఒకరినొకరు పట్టేసుకున్నప్పుడు) ప్రత్యర్థి బరువంతా మెడ మీద మోస్తుంటే దానికి నేను విశ్రాంతి తీసుకుంటున్నట్టు లెక్క. గ్లవ్ లోపల మణికట్టుకి చుట్టే పట్టీ మీద వాచీ కూర్చోదు కూడా, పైకి జరపాలి.

ఏ పనికి ఎంత శక్తి ఖర్చో చెప్పే, పరిశోధకులు వాడే కాంపెండియం అనే పట్టిక ఉంది. 2011 కూర్పులో పంచింగ్ బ్యాగ్‌కి 5.5 మెట్‌లు, రింగ్‌లో బౌట్‌కి 12.8 మెట్‌లు ఇచ్చారు. ఒక మెట్ అంటే సుమారుగా గంటకి కిలో బరువుకి ఒక కిలో క్యాలరీ. ఒకే ఆట పేరు కింద రెట్టింపుకి పైగా తేడా. వాచీలో మాత్రం "బాక్సింగ్" అని ఒకే బటన్.

ఇంకోటి. 80 కిలోల మనిషి 3 నిమిషాల రౌండ్లు మూడు ఆడితే, 12.8 ప్రకారం చూసినా, లెక్క 154 దగ్గర ఆగుతుంది. బౌట్ తర్వాత ప్రాణం పోయినట్టు ఉంటుంది గానీ నిమిషాలు తక్కువ. కాబట్టి అలసటని క్యాలరీలకి కొలత అనుకోకూడదు. మాస్టారు గారి ప్రాప్ విషయంలో కూడా లేసులు విప్పలేకపోవడాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను, చూపించిన గ్రాఫ్‌నే తీసుకుంటాను.

ఈల మాస్టారు

న్యాయమైన మాట.

ఉపగ్రహం

వీపు మీద, భుజాల మధ్య పెట్టుకునే జీపీఎస్ యూనిట్ల గురించి ఎవరూ ఎత్తలేదేం? పెద్ద జట్లు వాడేది అవే. వాటిలో "మెటబాలిక్ పవర్" అని, శరీరం ఏ క్షణానికి ఎంత శక్తి ఖర్చు చేస్తోందో అంచనా వస్తుంది. ఆలోచన అందమైనది: చదును నేల మీద వేగం పెంచుకుంటూ పరుగెత్తడం, స్థిరమైన వేగంతో ఎత్తు ఎక్కడం లాంటిదే అని 2005లో డి ప్రాంపెరో అనే ఇటలీ శరీరధర్మశాస్త్రవేత్త బృందం చూపించింది. చదును మీద స్థిరమైన పరుగుకి కిలో బరువుకి మీటరుకి సుమారు 3.6 జౌల్స్ అని తెలుసు, ఎత్తు ఎక్కడానికి ఎంతో కూడా తెలుసు. వేగం ఎలా మారుతోందో జీపీఎస్ చెబితే మిగతాది లెక్కే.

ఫుట్‌బాల్‌కి అది కొంతవరకు పనికొస్తుంది. రగ్బీలో అయితే, ఎదురుగా 110 కిలోల మనిషి వచ్చి తగలడం వల్ల వేగం ఆగిపోయినా, తానే బ్రేక్ వేసుకున్నా సూత్రానికి ఒకటే. ఆ తర్వాత నేల మీద పెనుగులాట, ఒకరిని మీద నుంచి తోసి లేవడం, మళ్లీ పడటం... జీపీఎస్‌కి అదంతా ఒకే చుక్క. యూనిట్‌లో సెకనుకి 100 సార్లు నమోదు చేసే యాక్సిలరోమీటర్ (కుదుపుల్ని పట్టే కదలిక సెన్సార్) ఉంటుంది, అది ఢీకొన్న సంఖ్యని బాగానే చెబుతుంది. ఒక్కో ఢీకి ఎంత ఖర్చో చెప్పలేదు.

జెర్సీ నం 14

మౌత్‌గార్డ్‌లో కూడా సెన్సార్లు వచ్చాయిగా అన్నా?

ఉపగ్రహం

అది వేరే పని తమ్ముడూ. తల ఎంత జోరుగా కుదుపుకి గురైందో చూడటానికి. వరల్డ్ రగ్బీ 2024 నుంచి పై స్థాయి పోటీల్లో తల గాయాల పరీక్షకి దాన్ని కలిపింది. క్యాలరీలతో సంబంధం లేదు.

కూత ఆపను

మరి ఏదీ సరిగ్గా చెప్పనప్పుడు ఇవి తప్పు అని ఎలా తేల్చారు? దేనితో పోల్చారు?

ఊపిరి లెక్క

అసలు ప్రశ్న. మాస్క్ పెట్టి ఊపిరిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలవడం ఒక పద్ధతి. వీపున మోసుకెళ్లే చిన్న యంత్రాలూ ఉన్నాయి. మాస్క్ పెట్టుకున్నవాణ్ణి ట్యాకిల్ చేయలేం కదా, అందుకని పరుగు, బ్యాగ్, రెజ్లింగ్ లాంటి ముక్కల్ని విడివిడిగా కొలుస్తారు.

ఆట ఆడనిచ్చి కొలిచేది రెట్టింపు గుర్తు పెట్టిన నీరు. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండిట్లోనూ బరువైన ఐసోటోపులు (అదే మూలకంలో బరువు ఎక్కువున్న రకాలు) ఉన్న నీళ్లు ఒక మోతాదు తాగిస్తారు. బరువైన హైడ్రోజన్ నీటిగానే బయటికి పోతుంది. బరువైన ఆక్సిజన్ నీటిగానూ, కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. మూత్రం నమూనాల్లో ఈ రెండూ తగ్గే వేగాల తేడా చూస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ తయారైందో, దాన్నుంచి ఎంత శక్తి ఖర్చయిందో వస్తుంది. 1950లలో లిఫ్సన్ అనే శాస్త్రవేత్త జంతువుల మీద చేశాడు, మనుషుల మీద 1982లో మొదలైంది. ఒంటి మీద ఏ పరికరమూ ఉండదు కాబట్టి ఎంత గుద్దుకున్నా ఫర్వాలేదు.

ఆ పద్ధతిలో ఆరుగురు వృత్తి రగ్బీ లీగ్ (జట్టుకి 13 మంది ఆడే రగ్బీ రకం) ఆటగాళ్లని సీజన్ మధ్యలో 14 రోజులు చూస్తే రోజుకి సగటున 22.5 మెగాజౌల్స్ వచ్చింది, అంటే దాదాపు 5,370 కిలో క్యాలరీలు. ఇంకో పరిశోధన మీ ప్రశ్నకి ఇంకా దగ్గర: యువ రగ్బీ లీగ్ ఆటగాళ్లకి ఒక శిక్షణ వారం ఢీకొనడాలతో, ఇంకోటి అవి లేకుండా పెట్టారు. ఢీకొన్న వారంలోనే మొత్తం ఖర్చు ఎక్కువ వచ్చింది. ఆ తేడాలో కొంత మైదానంలో ఖర్చయింది, కొంత తర్వాత దెబ్బతిన్న కండని బాగుచేసుకోవడానికి పోయి ఉండొచ్చు. రెండోది ఆటగాడు నిద్రపోతున్నప్పుడు జరిగేది. సెషన్ ఆపగానే ఆగిపోయే బ్యాండ్ లెక్కలో అది ఎలా వస్తుంది?

లోపం కూడా చెప్పాలి. ఈ నీళ్లు చాలా ఖరీదు, వచ్చేది వారం రెండు వారాల మొత్తం. గురువారం ఎంత అని అడిగితే అదీ చెప్పలేదు.

పళ్లెం వైపు

ఆటగాళ్ల ఆహారం చూసేదాన్ని. మాస్టారు గారూ, మీ మొదటి పోస్టులో ఉన్న "ఎంత తినాలో చెప్పొచ్చు" అన్న మాటే నన్ను ఇక్కడ ఆపింది. ఈ తప్పు అంకె ఎక్కడ కొడుతుందో చూడండి.

రోజు తిన్న శక్తిలోంచి వ్యాయామానికి పోయినది తీసేసి, మిగిలినదాన్ని కొవ్వు కాని శరీర బరువుతో భాగిస్తే శక్తి లభ్యత వస్తుంది. ఇది కిలోకి 30 కిలో క్యాలరీల కిందకి చాలాకాలం పడిపోతే హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధక శక్తి దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ (క్రీడల్లో సాపేక్ష శక్తి లోటు) అని పేరు పెట్టింది ఈ స్థితికే. 30 అనేది గోడ కాదు, హెచ్చరిక గీత. ఇప్పుడు కొవ్వు కాని బరువు 60 కిలోలు, తిన్నది 2,700 అనుకోండి. బ్యాండ్ 700 అంటే లభ్యత 33. అసలు ఖర్చు 1,000 అయితే 28. తెర మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

తప్పు వ్యాయామం దగ్గరే మొదలవదు కూడా. విశ్రాంతి ఖర్చుని చాలా యాప్‌లు బరువు, ఎత్తు, వయసుతో కట్టేస్తాయి. 100 కిలోలు, 185 సెంటీమీటర్లు, 25 ఏళ్ల పురుషుడికి మిఫ్లిన్ సూత్రం 2,036 అంటుంది. అతని కొవ్వు కాని బరువు 85 కిలోలైతే కనింగ్‌హామ్ సూత్రం 2,370 అంటుంది. రోజుకి 300 పైన తేడా, ఇంకా మంచం దిగకముందే.

నేనైతే బ్యాండ్ అంకె పక్కన పెట్టి రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఒకే త్రాసు మీద బరువు రాయమంటాను. ఒక్కరోజు అంకెని పట్టించుకోవద్దు, కాంటాక్ట్ సెషన్ మర్నాడు వాపు వల్ల, నీరు పట్టడం వల్ల పెరిగి కనిపించొచ్చు. వారం సగటు, మూడు వారాలు. తిన్నది కూడా రాయాలి.

పాత ఫార్వర్డ్

తిన్నది రాయమంటే ఎవడూ నిజం రాయడమ్మా. నేనే రాసేవాణ్ణి కాదు. సగం మర్చిపోతారు, సగం దాచేస్తారు.

పళ్లెం వైపు

నిజమే, తక్కువే రాస్తారు. కానీ నేను "నీకు ఇన్ని వేలు కావాలి" అని చెప్పను. "ఇప్పుడు తింటున్నదానికి ఇంత కలుపు" అంటాను. రాసింది తక్కువైనా, రోజూ అదే అలవాటుతో రాస్తున్నంతకాలం కలపాల్సిన అంకె పెద్దగా మారదు. ఇందాక హెచ్చవేత గారు అన్న గడియారం పోలిక ఇక్కడ పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. బరువు తగ్గడం లేదంటే అంతా బాగుందని కాదు. తక్కువ తింటే శరీరం లోపలి ఖర్చులు తగ్గించుకుని బరువుని నిలబెట్టుకోగలదు. అమ్మాయిల్లో నెలసరి ఆగడం, ఎవరిలోనైనా మళ్లీ మళ్లీ గాయాలు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే త్రాసుని నమ్మకుండా డాక్టర్ దగ్గరికి పంపండి.

ఈల మాస్టారు

(మూడు వారాల తర్వాత)

చెప్పినట్టే చేశాం. మొదటి ప్రాప్ వారం సగటు మీద వారానికి 0.4 కిలో తగ్గుతున్నాడు. కిలో కొవ్వుకి సుమారు 7,700 అన్న లెక్కన రోజుకి 440 లోటు. బ్యాండ్, తిండి పుస్తకం కలిపి చూస్తే మాత్రం అతను రోజుకి 300 మిగులులో ఉన్నాడు! లాక్‌ది కూడా తగ్గుతోంది గానీ తక్కువ. వింగర్ బరువు, బ్యాండ్ లెక్క దాదాపు సరిపోయాయి.

పళ్లెం వైపు

తగ్గిందంతా కొవ్వే కాకపోవచ్చు, కండ కూడా పోతుంటే 440 అనేది కొంచెం ఎక్కువ అంచనా అవుతుంది. రోజుకి 350 కలిపి మొదలుపెట్టండి, రెండు వారాలకి మళ్లీ చూద్దాం. ఎక్కువ భాగం కాంటాక్ట్ రోజు రాత్రి, మర్నాడు పడేలా చూడండి.

జెర్సీ నం 14

మరి ఆ బ్యాండ్లు ఏం చేశారు మాస్టారూ?

ఈల మాస్టారు

ప్రాప్‌లనీ లాక్‌నీ రాత్రిపూట మాత్రమే పెట్టుకోమన్నాను, కదలకుండా పడుకున్నప్పుడు పల్స్ బాగానే చెబుతోంది. వింగర్ మాత్రం ప్రాక్టీసులో తీయనంటున్నాడు. "నాది కరెక్టుగానే చూపిస్తోందిగా" అంటాడు.